పందొమ్మిది అక్షరాల ఊపిరి

నేను లెక్కల టీచర్ని. 22 ఏళ్ళుగా జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో చెబుతున్నాను. ఇల్లు రాజమండ్రిలో, స్కూలు గోదావరికి అవతల, కొవ్వూరు దాటాక. రోజూ రోడ్డు కం రైలు బ్రిడ్జి మీద బస్సులో పోయి రావడమే. నా గొంతు మీద స్టాఫ్ రూములో ఒక జోకు ఉండేది. లెక్కల మేడం ఎనిమిదో తరగతిలో అరిస్తే పదో తరగతి వాళ్ళు పుస్తకాలు తీస్తారట. బెత్తం పట్టుకునే అలవాటు నాకు ఎప్పుడూ లేదు. అవసరం రాలేదు, గొంతు ఉంది కదా.

ఆ గొంతు ఒక జూన్ నెల మొదటివారంలో పోయింది.

మెడలో థైరాయిడ్ గ్రంథికి గడ్డలు కట్టాయి. మింగుతుంటే ఏదో అడ్డం పడ్డట్టు ఉండేది. మొత్తం గ్రంథి తీసేయాలన్నారు. వేసవి సెలవుల్లోనే చేయించేసుకుంటే బడులు తెరిచే 12వ తేదీకి వెళ్ళిపోవచ్చు, మెడికల్ లీవులు మిగులుతాయి అని నా లెక్క. ఆపరేషన్ అయ్యింది. తెలివి వచ్చాక నర్సు "అమ్మా, మీ పేరు చెప్పండి" అంది. చెప్పాను. గాలి వచ్చింది, పేరు రాలేదు.

థైరాయిడ్ వెనకనుంచి సన్నని నరం ఒకటి పోతుంది. గొంతులో స్వరతంత్రుల్ని కదిలించేది అదే. ఆపరేషన్‌లో అది కాస్త సాగినా, వాచినా ఆ పక్క తంత్రి కదలడం మానేస్తుందట. ముక్కులోంచి కెమెరా పంపి చూశారు, తెర మీద నాకూ చూపించారు. తెల్లటి రెండు పట్టీలు. కుడిది తలుపు రెక్కలాగా దగ్గరికి వస్తోంది. ఎడమది గొళ్ళెం ఊడిన రెక్కలాగా ఎక్కడిదక్కడే ఉంది. రెండూ కలిస్తేనే మాట. కలవకపోతే ఊపిరంతా ఆ సందులోంచి పోతుంది. "నరం తెగలేదమ్మా, చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు తిరిగి వస్తుంది, ఎదురు చూద్దాం" అన్నారు. ఎదురు చూడటం నాకు చేతకాని పని. లెక్క చేస్తే జవాబు ఆ పూటే రావాలి నాకు.

మొదటి నెల బాగానే గడిచింది. బంధువులు వచ్చారు, బత్తాయిలు తెచ్చారు. ఒక తమాషా గమనించాను. మనం గుసగుసగా మాట్లాడితే ఎదుటివాళ్ళు కూడా గుసగుసగానే జవాబు చెబుతారు. పాలబ్బాయి గుమ్మం దగ్గర వంగి, ఏదో రహస్యం అడిగినట్టు "అమ్మగారూ, ఎన్ని పేకట్లు?" అనేవాడు. ఎదురింటావిడ మాత్రం చెవుడు కూడా వచ్చిందనుకుందేమో, కేకేసి మాట్లాడేది. కిరాణా కొట్లో జీలకర్ర అడిగితే మూడుసార్లూ "ఏంటండీ?" అన్నాడు. నాలుగోసారి అడగలేదు, వేలు పెట్టి చూపించి తెచ్చుకున్నాను. తర్వాత కొట్టుకి వెళ్ళడమే మానేశాను.

జులైలో గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి. మా ఇంటికి జనం రావడం తగ్గింది. నాకు అసలు కష్టం అప్పుడు మొదలైంది.

పొద్దున్న తొమ్మిదింపావుకి ప్రార్థన గంట కొడతారు. ఆ టైముకి ఒళ్ళు దానంతటదే లేచి కూర్చునేది, ఎక్కడికీ వెళ్ళేది లేదని గుర్తొచ్చి మళ్ళీ పడుకునేది. మధ్యాహ్నం రెండైనా స్నానం లేదు. దువ్వెన పెడితే జుట్టు గుప్పెడు. ఉక్కపోతలో కూడా ఫ్యాను వద్దనిపించేది, దుప్పటి కప్పుకునేదాన్ని. హైదరాబాదు నుంచి మా అమ్మాయి వీడియో కాల్ చేసేది, నేను తలూపేదాన్ని. కాసేపటికి అదీ విసుగై ఫోను బోర్లా పెట్టేసేదాన్ని. మా ఆయనకి ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ఉంది. ఆయన పొద్దున్న వెళ్ళి రాత్రి వచ్చేసరికి నేను అదే మంచం, అదే గోడ వైపు తిరిగి ఉండేదాన్ని.

చూడటానికి వచ్చినవాళ్ళు పుస్తకాలు తెచ్చారు. ధైర్యం చెప్పే పుస్తకాలు. ఏడు మెట్లు, పది సూత్రాలు, గెలిచినవాళ్ళ కథలు. ఇచ్చినవాళ్ళ ప్రేమ మీద నాకేం అనుమానం లేదు. కానీ ఆ పుస్తకాలు నన్ను "లే, లే" అంటాయి. లేవగలిగితే నేను పడుకుంటానా? ఒక అట్ట మీద కొండెక్కి చేతులు చాపిన మనిషి బొమ్మ ఉంది. ఆ పుస్తకాన్ని బియ్యం డబ్బా మూత మీద బరువుకి పెట్టాను, ఇప్పటికీ అక్కడే ఉంది. ఒకావిడ "అదృష్టవంతులు మేడం, మీకు రెస్టు దొరికింది" అంది. జవాబు చెప్పడానికి గొంతు లేకపోవడం ఆ ఒక్కరోజు మంచిదైంది.

పోనీ నవల చదువుదామంటే మొదటి పేజీ దాటలేదు. చదివిన వాక్యం పక్క వాక్యానికి వచ్చేసరికి పోయేది. చిన్నప్పటి నుంచి కిరాణా పొట్లం కాగితం కూడా విప్పి చదివే మనిషిని నేను. చదవలేకపోవడం మాట పోవడం కంటే ఎక్కువ భయపెట్టింది.

ఆగస్టులో ఒక సాయంత్రం మా ఆయన బలవంతం మీద కోటిలింగాల ఘాట్‌కి వెళ్ళాం. ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నారు. నేను మెట్ల మీద కూర్చుని నీళ్ళు చూస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. ఇక్కడ దాని గురించి ఇంకేమీ రాయను. ఇంటికొచ్చాక పలక మీద, అవును, మాట్లాడటానికి నా దగ్గర పలక ఉండేది, "నాకు ఉండాలని లేదు" అని రాసి ఆయనకి చూపించాను. ఆయన చాలాసేపు పలక చేతిలో పట్టుకుని నిలబడ్డారు. తర్వాత దాన్ని తుడవలేదు, సంచీలో పెట్టుకున్నారు. మర్నాడు పొద్దున్నే ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ పలకే తీసి డాక్టరు ముందు పెట్టారు.

డాక్టరు నన్ను ఓదార్చలేదు. "ఏ మాత్రలు, ఎన్నింటికి వేసుకుంటున్నారు?" అని అడిగారు. పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర, దానితోపాటే కాల్షియం మాత్ర, అన్నీ ఒకేసారి వేసేసుకుంటే ఓ పని అయిపోతుందని. ఆయన పెన్ను కింద పెట్టేశారు. థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశాక ఆ మాత్రే మన గ్రంథి. కాల్షియం పక్కన ఉంటే అది ఒంటికి సరిగా పట్టదు. రెండింటికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. డిశ్చార్జి కాగితంలో రెండు మాత్రల పేర్లూ ఉన్నాయి, ఈ ఎడం సంగతి లేదు. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగడానికి గొంతు లేదనుకోండి. రక్తపరీక్ష చేస్తే 4 దగ్గర ఆగాల్సిన టీఎస్‌హెచ్, అంటే ఒంట్లో థైరాయిడ్ తక్కువైతే పెరిగే హార్మోను, 31 ఉంది. చలి, జుట్టు, మతిమరుపు, మంచం, అందులో చాలా భాగం దీని లెక్కే. సైకియాట్రిస్టు దగ్గరికి కూడా పంపారు. నాలుగుసార్లు వెళ్ళాను, ఆయన ఇచ్చినవి కూడా వేసుకున్నాను. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కింద నేను పద్యాల గురించీ పాటల గురించీ చాలా రాయబోతున్నాను. మాత్రలు మానేసి పద్యాలు చదువుకోమని నేను చెప్పినట్టు ఎవరూ అనుకోకూడదు.

ఆ రోజు నుంచి ఇంట్లో నన్ను ఒక్కదాన్నే వదలడం మా ఆయనకి ఇష్టం లేకపోయింది. కొట్లో కూర్చోబెడితే వచ్చినవాళ్ళంతా పలకరిస్తారు. చివరికి గౌతమీ గ్రంథాలయంలో దించి, మధ్యాహ్నం భోజనానికి తీసుకెళ్ళేవారు. పిల్లని బడిలో దింపినట్టు. వందేళ్ళు దాటిన లైబ్రరీ. ఊళ్ళో ఉంటూ కూడా పెళ్ళయ్యాక నేను అటు వెళ్ళింది రెండు మూడు సార్లే.

లోపల ఎవరూ మాట్లాడరు. మాట్లాడకూడదు కూడా. నాకు అది అర్థం కావడానికి ఓ గంట పట్టింది. అక్కడ అందరూ నాలాంటివాళ్ళే. కాంపిటీషన్ పరీక్షలకి చదివే కుర్రాళ్ళు, పేపరు కోసం వచ్చే రిటైరైన పెద్దలు, అందరూ చేతి సైగలే. ఫ్యాను శబ్దం, పేజీ తిప్పిన శబ్దం. మూడు నెలల్లో మొదటిసారి నాకు ఏదో తక్కువైందని అనిపించలేదు. మొదటి వారం రోజులు నేనక్కడ ఏమీ చదవలేదు, ఊరికే కూర్చుని వచ్చాను.

రెండోవారంలో పద్యం దగ్గరికి వెళ్ళాను. కారణం గొప్పదేమీ కాదు, చిన్నది కాబట్టి. నవలలో మొదటి పేజీ దాటలేని బుర్రకి నాలుగు పాదాలు పట్టాయి. చదివి, మర్చిపోయి, మళ్ళీ చదివినా రెండు నిమిషాల పని.

చేతికి దొరికింది దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి 'కృష్ణపక్షం'. 1925లో వచ్చిన పుస్తకం. కాలేజీలో మా బ్యాచ్ వాళ్ళం ఆయన్ని ఏడుపు కవి అని నవ్వుకునేవాళ్ళం. శ్రీశ్రీ పుస్తకం ముందుమాటలో చలంగారు ఈయన బాధ లోకానికి బాధ అన్నట్టు ఒక చురక వేశారు కదా, దాన్ని పట్టుకుని. భార్య పోయిన దుఃఖంలోంచి వచ్చిన పద్యాలని అప్పుడు మాకు తెలీదు, తెలిసినా నవ్వేవాళ్ళమేమో. ఇప్పుడు చదువుతుంటే ఆ మనిషి నన్ను లేవమనలేదు. తన చీకట్లో తను కూర్చుని ఉన్నాడు, పక్కన చోటుంది, కూర్చోవచ్చు, అంతే. నేను కూర్చున్నాను. చదువుతూ ఏడ్చాను కూడా. ఎదుటి బల్ల దగ్గర కుర్రాడు చూసి తల దించుకుని, కాసేపటికి తన మంచినీళ్ళ సీసా నా వైపు జరిపాడు. ఏమీ అడగలేదు, లైబ్రరీ కదా.

ఆయన గురించి ఇంకో సంగతి నాకు అక్కడే ఒక వ్యాసంలో కనబడింది. కృష్ణశాస్త్రిగారు గొప్ప వక్త. ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చిన మనిషి, రేడియోలో పనిచేసిన మనిషి. 1960ల్లో గొంతు క్యాన్సర్ వచ్చి ఆయన మాట పూర్తిగా పోయింది. 1980లో పోయేదాకా కాగితం మీద రాసే మాట్లాడారు. ఆ మాట లేని రోజుల్లోనే సినిమాలకి పాటలూ రాశారు. మిగతావాళ్ళ గొంతుల్లో తన మాట వినుకుంటూ బతికారన్నమాట. ఇది చదివితే నాకు ధైర్యం వచ్చిందని అబద్ధం చెప్పను. అసూయ వేసింది. ఆయనకి పాటలున్నాయి, నాకు త్రికోణమితి ఉంది. కానీ ఆ సాయంత్రం ఇంటికొచ్చి పలక పక్కన పెట్టి, చిన్న నోటుబుక్కు, పెన్ను తీసుకున్నాను. పలక మీద రాసింది తుడిచెయ్యాలి. నోటుబుక్కులో ఉంటుంది. ఆ పుస్తకం మొదటి పేజీలో మా ఆయనకి నేను రాసిన మాట "కూరలో ఉప్పు లేదు."

పాట సంగతి వేరు. పాట నేను వెతుక్కోలేదు. మా ఆయనకి పొద్దున్నే రేడియో కావాలి. ఇప్పుడు ఫోన్లోనే విజయవాడ కేంద్రం వస్తుంది. భక్తిరంజని పెట్టి బ్రష్ చేసుకుంటారు. నాకు ఆ రోజుల్లో పాట గిట్టేది కాదు. పాడే గొంతు ఏది విన్నా కడుపులో తిప్పేది. త్యాగరాజస్వామి శాంతము లేక సౌఖ్యము లేదంటే, దాన్ని నాకే చెబుతున్నట్టు ఉండేది, తలగడ చెవి మీద పెట్టుకునేదాన్ని. సెప్టెంబరులో అనుకుంటా, ఒక పొద్దున్న రామదాసు కీర్తన వచ్చింది. "పలుకే బంగారమాయెనా." మా ఆయన బ్రష్షు నోట్లో పెట్టుకుని నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఆయనకి నవ్వాలో వద్దో తెలీలేదు. నాకు నవ్వు వచ్చేసింది. శబ్దం లేని నవ్వు, భుజాలు కదలడమే. ఆయన నురగతో సహా నవ్వారు. ఇంట్లో నవ్వు వినబడి ఎన్నాళ్ళయిందో, సగమే వినబడిందనుకోండి.

అప్పటినుంచి రామదాసు మీద పడ్డాను. భద్రాచలం గుడి కట్టించినందుకు గోలకొండలో ఖైదులో పడ్డ తహసీల్దారు అని అందరికీ తెలిసిందే. ఆయన పాటల్లో నాకు నచ్చింది భక్తి కాదు, దెబ్బలాట. ఇక్ష్వాకు కులతిలక కీర్తన తీసుకోండి. ఇకనైనా పలకవేమయ్యా అని మొదలుపెట్టి, ఒక్కొక్క నగ పేరూ చెప్పి, దానికెంత పట్టిందో చెబుతాడు. భరతుడికి పచ్చల పతకం, పదివేల వరహాలు. సీతమ్మకి చింతాకు పతకం, పదివేల వరహాలు. ఇంత లెక్క చెప్పి, నువ్వు ఎవరబ్బ సొమ్మని కులుకుతూ తిరుగుతున్నావని దేవుణ్ణే నిలదీస్తాడు. ఆ తర్వాత దెబ్బలకి తాళలేక తిట్టాను, ఏమీ అనుకోవద్దంటాడు. ఓచర్లతో సహా లెక్క అప్పజెప్పి, తిట్టి, క్షమాపణ అడిగిన పాట ఇంకెక్కడైనా ఉందా? నాకూ తిట్టాలని ఉంది. ఎవర్ని తిట్టాలో తెలీదు, తిట్టడానికి గొంతూ లేదు. రోజూ మధ్యాహ్నం ఆ పాట పెట్టుకుని, నా వంతు తిట్లు రామదాసు చేత తిట్టించేదాన్ని. ఎవరు పాడారన్నది పట్టించుకోలేదు. బాలమురళి పాడింది, భజన మండలి వాళ్ళు పాడింది, అన్నీ విన్నాను. భజన మండలి వాళ్ళ తిట్టే బాగుంది.

మా అమ్మ రుబ్బురోలు దగ్గర గజేంద్రమోక్షం చదివేది. పుస్తకం లేకుండా. పొత్రం తిరిగే వరసకి పద్యం సరిపోయేది. ఆమెకి ఐదో తరగతితో చదువు ఆగిపోయింది, పద్యం మాత్రం ఎక్కడా ఆగేది కాదు. అక్టోబరులో లైబ్రరీలో పోతన భాగవతం అష్టమ స్కంధం తీశాను, అమ్మ కోసమే. లావొక్కింతయు లేదు పద్యం దగ్గర ఆగిపోయాను. చిన్నప్పుడు అది ప్రార్థన అనుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే డాక్టరుకి చెప్పుకునే లక్షణాల చీటీలా ఉంది. బలం కొంచెం కూడా లేదు. ధైర్యం సడలింది. ప్రాణాలు చోటు తప్పాయి. మూర్ఛ వచ్చింది. ఒళ్ళు అలిసింది. శ్రమగా ఉంది. ఒక్క ఉపమానం లేదు, ఒక్క అలంకారం కోసం ఆగలేదు. మొసలి నోట్లో కాలున్న ఏనుగు ఇంకెలా మాట్లాడుతుంది? నేను ఆగస్టులో డాక్టరు ముందు సగం కూడా ఇలా చెప్పలేకపోయాను.

దానికి కొంచెం ముందు ఇంకో పద్యం ఉంది. దీనులవైపు ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు, ఉన్నాడు ఉన్నాడన్నవాడు ఉన్నాడో లేడో అని. ఆ ఏనుగుకి అనుమానం వచ్చింది. అనుమానం వచ్చిందని పోతన దాచలేదు. ఇది నాకు ఎంత పెద్ద ఊరటో చెప్పలేను. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను నమ్మమన్నారు, నమ్మకం లేకపోవడం కూడా నా తప్పే అన్నట్టు.

ఇక్కడ నాలో లెక్కల టీచరు లేచింది. పదో తరగతిలో నేర్చుకున్న గణవిభజన గుర్తుందా అని నోటుబుక్కులో గురులఘువులు పెట్టడం మొదలుపెట్టాను. శార్దూలవిక్రీడితం. మ, స, జ, స, త, త, గ. పాదానికి 19 అక్షరాలు, 13వ అక్షరం యతి. మొదటి అక్షరం లా, పదమూడోది లం. కుదిరింది. కానీ నాకు అయిదో గణం రావడం లేదు. విలోలంబయ్యె ప్రాణంబులున్, ఇందులో 'య్యె' తర్వాత 'ప్రా' ఉంది, ప్రా సంయుక్తాక్షరం, కాబట్టి దానిముందున్న య్యె గురువు అని పెట్టాను. త గణం కావాల్సిన చోట మ గణం వచ్చింది. పోతన తప్పు చేసి ఉండడు కదా. రెండురోజులు దానితోనే ఉన్నాను. అన్నం తింటూ అదే, పడుకుని అదే. ఆ రెండురోజులూ నాకు గొంతు లేదన్న సంగతి గుర్తు రాలేదని మూడోరోజు గమనించాను.

చివరికి మా స్కూల్లో రిటైరైన తెలుగు మాస్టారికి నా కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను. గంటలో జవాబొచ్చింది, తెల్లకాగితం మీద ఎర్రసిరాతో రాసి, దాని ఫొటో. "అమ్మా, తెలుగులో వేరే మాట మొదట సంయుక్తం వస్తే వెనకమాట చివరి అక్షరం గురువు కానక్కర్లేదు. య్యె లఘువే. ఇన్నేళ్ళూ మా పిల్లలకి లెక్కల్లో మార్కులు మీరు వేశారు, ఈ ఒక్కటి నన్ను వేయనివ్వండి. పదికి తొమ్మిది." ఆ తర్వాత రోజుకో పద్యం పంపేవారు. ఛందస్సు పేరు చెప్పేవారు కాదు, నేను కనిపెట్టాలి. మత్తేభం 20, చంపకమాల 21, అలా. మనిషితో మాటామంతీ మళ్ళీ అలా మొదలైంది, నోరు విప్పకుండానే.

నవంబరులో స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపారు. చిన్నపిల్ల, మా అమ్మాయి వయసు. మొదట తిట్టింది. "ఆంటీ, గుసగుసలాడకండి, గుసగుస గొంతుకి విశ్రాంతి కాదు, అదే ఎక్కువ శ్రమ" అంది. నేను ఐదు నెలలుగా చేస్తున్నది అదే. గ్లాసులో నీళ్ళు పోసి, స్ట్రా పెట్టి, బుడగలు వచ్చేలా "ఊ" అనమంది. పూటకి ఐదు నిమిషాలు. రోజుకి నాలుగుసార్లు. కార్తీకమాసం, ఊరంతా ఘాట్ల దగ్గర దీపాలు వదులుతుంటే నేను వంటింట్లో బుడగలు వదిలాను. తర్వాత ఊపిరి ఎంతసేపు ఆగుతుందో చూడటానికి "ఆ" అనమని గడియారం పెట్టింది. నాలుగు సెకన్లు. ఆడవాళ్ళకి 15 దాటాలట.

"ఏదైనా పైకి చదవండి ఆంటీ, ఒక్క ఊపిరిలో ఎన్ని మాటలు వస్తాయో రాసుకోండి" అంది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకోమంది. అంకెలు నాకు బోరు. నా దగ్గర లావొక్కింతయు ఉంది. పాదానికి కచ్చితంగా 19 అక్షరాలు, ఇంతకంటే మంచి స్కేలు ఎక్కడ దొరుకుతుంది?

మొదటి రోజు లేదు దగ్గర ఆగిపోయింది. ఏడు అక్షరాలు. బలం కొంచెం కూడా లేదు, చుక్క. పోతన అక్కడ వాక్యం ముగించినట్టే ఉంది, అచ్చంగా నా రిపోర్టే. రెండువారాలకి ధైర్యము దాకా, అంటే పది. ఆ ధైర్యము దగ్గర చాలారోజులు ఇరుక్కున్నాను. పదకొండోది రాదు. "లావొక్కింతయు లేదు ధైర్యము" అని గాలి అయిపోవడం, మా ఆయన హాల్లోంచి "ధైర్యం ఉందా లేదా, తేల్చు" అనడం. గొంతు మామూలు గొంతు కాదు, బొంగురు, మధ్యలో రెండుగా చీలేది. డిసెంబరు చివర యతి చేరాను. పదమూడు. నోటుబుక్కులో తేదీ వేసి గీత గీసుకున్నాను, మాస్టారికి ఫొటో పంపాను. ఈసారి పదికి పది వేశారు.

మళ్ళీ కెమెరా పెట్టి చూశారు. ఎడమ రెక్క కొంచెం కదులుతోంది, కుడిది దాని దగ్గరికి ఇంకాస్త ఎక్కువ వస్తోంది, సర్దుకుంటోంది అన్నారు. టీఎస్‌హెచ్ 3కి దిగింది.

మా అమ్మాయి సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగింది, "అమ్మా, నిజం చెప్పు, నీకు తగ్గింది మాత్రల వల్లా, పద్యాల వల్లా?" అని. రెండు తెలియని రాశులు, ఒకటే సమీకరణం. సాధించలేమని నోటుబుక్కులో రాసి చూపించాను. అది చదివి, "రాయకు, చెప్పు" అంది. చెప్పాను.

సంక్రాంతి సెలవుల తర్వాత స్కూల్లో చేరాను. నడుముకి కట్టుకునే చిన్న స్పీకరు, చెవికి మైకు, టూరిస్టు గైడులు పెట్టుకుంటారే, అలాంటిది. మొదటిరోజు ఏడో తరగతిలో అటెండెన్స్ తీశాను. చివరి బెంచీలో ఒకడు లేచి "మేడం, వినపడలేదు" అన్నాడు. వాడు వెనక కూర్చునేదే వినపడకుండా ఉండటానికి. 22 ఏళ్ళలో ఆ మాట నాతో అన్న మొదటివాడు. ముందు బెంచీకి రమ్మన్నాను. మధ్యాహ్నానికి గొంతు అయిపోతుంది, ఆఖరి పీరియడ్ బోర్డు మీద రాయడమే. హెడ్మాస్టారు టైంటేబుల్ మార్చారు.

పద్యం మానలేదు. రాత్రి గిన్నెలు తోమాక వరండాలో కూర్చుని చదువుతాను. ఫిబ్రవరి కూడా అయిపోవస్తోంది. ఇప్పుడు పదిహేడు అక్షరాలు వస్తాయి. లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె ప్రాణం, అక్కడికి అయిపోతుంది ఊపిరి. ఇంకో రెండు అక్షరాలు కావాలి. నిన్న రాత్రి కూడా అక్కడే ఆగిపోయి గాలి పీల్చుకుంటుంటే, లోపల టీవీ చూస్తున్న మా ఆయన, తల తిప్పకుండానే, శ్రుతి లేని గొంతుతో, "బులున్" అన్నారు.